సొంత పాటల కోసం గిటార్: చెయ్యి నొప్పి, ఎఫ్ కార్డ్, బాణీకి కార్డ్‌లు

మీరు అడిగినవి మూడు. ఆరు నెలలు దాటినా ఎఫ్ కార్డ్ (కార్డ్ అంటే కలిపి మోగించే కొన్ని స్వరాలు) పట్టుకుంటే బొటనవేలి మొదట్లో లాగుతోంది, పాడుతూ వాయిస్తే కుడిచెయ్యి తడబడుతోంది, సొంతంగా కట్టుకున్న బాణీకి ఏ కార్డ్ వెయ్యాలో తోచడం లేదు. ఇంకా గట్టిగా సాధన చెయ్యమని ఇప్పటికే చాలామంది చెప్పే ఉంటారు. నేనైతే ముందు గిటార్‌ని అనుమానించమంటాను, తర్వాతే చేతిని. పాట రాసుకునేవాళ్లకు వేళ్ల వేగంతో పెద్ద పని లేదు. చెయ్యి తన పని తాను చేసుకుపోతూ చెవినీ గొంతునీ ఖాళీగా వదిలేస్తే చాలు.

తీగల ఎత్తు చూడండి. పన్నెండో ఫ్రెట్ (మెడ మీది అడ్డ లోహపు కడ్డీ; రెండు కడ్డీల మధ్య చోటు గడి) పైభాగానికీ లావుగా ఉండే ఆరో తీగ అడుగుకీ మధ్య ఖాళీ 2.5 మి.మీ. దరిదాపుల్లో, ఒకటో తీగ దగ్గర 2 మి.మీ. ఉంటే అకూస్టిక్ గిటార్ హాయిగా పలుకుతుంది. కొలిచేందుకు ఏటీఎం కార్డులు చాలు. ఒక్కోటి 0.76 మి.మీ. మందం, మూడు పేరిస్తే సుమారు 2.3. ఆరో తీగ కింద నాలుగు కార్డులు తీగకు తగలకుండా దూరిపోతుంటే మీరు రోజూ అనవసరంగా బలం ఖర్చుపెడుతున్నట్టే.

ఇంకో పరీక్ష. ఒకటో ఫ్రెట్ మీద కేపో (తీగలన్నిటినీ ఒకేసారి నొక్కిపట్టే క్లిప్పు) బిగించి, అదే ఎఫ్ షేపు (వేళ్ల అమరిక) ఒక గడి పైకి జరిపి పట్టుకోండి. ఒక్కసారిగా సులువైపోతే లోపం నట్‌లో (మెడ చివర తీగలు కూర్చునే గాడుల పట్టీలో) ఉంది, మీ వేళ్లలో కాదు. నట్‌లో గాడి లోతు చాలకపోతే తీగ మొదటి ఫ్రెట్ దగ్గర మరీ పైన నిలబడుతుంది, ఎఫ్ సరిగ్గా అక్కడే పట్టాలి. మూడో ఫ్రెట్ దగ్గర తీగ నొక్కి చూస్తే ఒకటో ఫ్రెట్ మీద కాగితం మందమంత సందు మాత్రమే కనబడాలి. గాడి లోతు చెయ్యడం రిపేరు తెలిసినవాళ్లకే వదిలెయ్యండి, ఒక్క గీత ఎక్కువైనా తీగ బుర్రుమంటుంది, ఇక కొత్త నట్ వెయ్యాల్సిందే. శాడిల్ (గిటార్ ఒంటి మీద తీగలు ఆనే సన్న పట్టీ) మాత్రం ఓపికుంటే ఇంట్లోనే అరగదీసుకోవచ్చు. దాన్ని బయటికి తీసి, అద్దం మీద పరిచిన గరుకు కాగితంపై అడుగుభాగాన్ని రుద్దాలి, పైభాగం ముట్టుకోకూడదు. పన్నెండో ఫ్రెట్ తీగకు నట్టనడుమ ఉంటుంది కాబట్టి అక్కడ 1 మి.మీ. తగ్గాలంటే శాడిల్ 2 మి.మీ. తగ్గాలి. ఒకేసారి తియ్యకండి. అర మిల్లీమీటరు తీసి, తీగలు బిగించి, మళ్లీ కొలవండి.

తీగల సైజు కూడా చూసుకోండి. 12–53 సెట్ (ఒకటో, ఆరో తీగల మందం, అంగుళంలో వెయ్యో వంతుల్లో) ఉంటే 10–47కి మారండి. ఒకటో తీగ మీద బిగువు దాదాపు 30 శాతం పడిపోతుంది. మోత కొంచెం తగ్గుతుంది, పాటకు తోడుగా వాయించేటప్పుడు అదేమంత నష్టం కాదు. తీగలు మార్చకుండానే గిటార్ మొత్తాన్ని అర స్వరం దించి శ్రుతి చేసుకుంటే బిగువు 11 శాతం, పూర్తి స్వరం దించితే 20 శాతం తగ్గుతుంది. అసలు శ్రుతి కావాల్సినప్పుడు కేపో ఉండనే ఉంది. కోస్తాలో వానాకాలం తేమకి పైచెక్క ఉబ్బి తీగలు వాటంతటవే పైకి లేస్తాయి, కాబట్టి ఈ కొలతలు ఏడాదికి రెండుసార్లయినా చూసుకోవాలి. ఎండలో నిలిపిన కారులో గిటార్ వదిలేస్తే జిగురు మెత్తబడి శాడిల్‌ని మోసే బ్రిడ్జి లేచిపోతుంది, దానికి ఇంటి వైద్యం లేదు.

ఇక ఎడమచెయ్యి. అందరూ చేసే పొరపాటు అవసరానికి మించి నొక్కడం. ఎంత చాలో మీ చేతికే తెలియాలి. మూడో తీగ, ఐదో ఫ్రెట్ తీసుకోండి. వేలిని ఫ్రెట్ కడ్డీకి ఆనుకునేంత దగ్గరగా, దాని వెనక ఉంచండి. ముందు తీగను ఊరికే తాకించి మీటితే ‘టక్’ మంటుంది. మీటుతూనే ఉండి బరువు కొద్దికొద్దిగా పెంచండి. ‘టక్’ కాస్తా బుర్రుమనే మోత అవుతుంది, ఇంకాస్త పెంచితే స్వరం శుభ్రంగా విచ్చుకుంటుంది. అక్కడ ఆగండి, అంతకుమించి ఏమీ అక్కర్లేదు. ఇప్పుడు వేలిని గడి మధ్యకు జరిపి మళ్లీ చెయ్యండి, ఎక్కువ బలం పడుతుంది. వేలి చోటు మారినందుకే ఇంత తేడా. రోజూ మొదటి ఐదు నిమిషాలు దీనికే ఇవ్వండి, ఒక్కోరోజు ఒక్కో కార్డ్‌తో.

బొటనవేలి నొప్పికి మందు వేరు. ఏదైనా కార్డ్ పట్టుకుని బొటనవేలిని మెడ నుంచి పూర్తిగా తీసెయ్యండి. గిటార్ ఒంటిని కుడి మోచెయ్యి కింది భాగంతో పొట్టకు ఆనించి ఉంచితే, ఎడమచేతి బరువే వేళ్లను వెనక్కి లాగి తీగల మీద నిలబెడుతుంది. ఇలా నాలుగు బార్‌లు (ఒక్కో బార్ ఒక తాళం చుట్టు) వాయించాక బొటనవేలిని తిరిగి ఊరికే ఆనించండి. పట్టుకారులా బిగించే అలవాటు కొన్ని వారాల్లో పోతుంది. మణికట్టు లోపలికి మడిచి కూర్చోకండి. మెడ కొన భుజం ఎత్తుకు వచ్చేలా గిటార్‌ని కొంచెం నిటారుగా పెట్టుకుంటే మణికట్టు తనంతట తానే తిన్నగా అవుతుంది. వేలికొసలు మండటం మొదటి రెండు మూడు వారాలు మామూలే. మణికట్టు లాగినా, బొటనవేలి మొదలు పీకినా ఆ రోజుకి ఆపెయ్యండి. తిమ్మిరి ఎక్కితే డాక్టరుకు చూపించాలి.

ఎఫ్ బార్ కార్డ్‌లో (ఇక్కడ ‘బార్’ అంటే వేలిని తీగల మీద అడ్డంగా పరచడం) చూపుడువేలు ఆరు తీగలూ నొక్కాలనుకుంటారు. నిజానికి దానికి మిగిలేవి ఆరోది, రెండోది, ఒకటోది. మూడో తీగను మధ్యవేలు, ఐదో తీగను ఉంగరపు వేలు, నాలుగో తీగను చిటికెనవేలు చూసుకుంటాయి. కాబట్టి చూపుడువేలు నడుమ కాస్త వదులుగా ఉన్నా ఫర్వాలేదు. వేలిని కొద్దిగా పక్కకు, బొటనవేలి వైపుకు దొర్లించండి, అక్కడ ఎముక దగ్గరగా ఉంటుంది, కండ తక్కువ. రెండో తీగ పలకకపోతే అది వేలి కణుపు గీతలో కూరుకుపోయిందన్నమాట. వేలిని రెండు మూడు మిల్లీమీటర్లు పైకో కిందికో జరపండి, బలం పెంచకండి. ఈ షేపును ఐదో ఫ్రెట్ దగ్గర మొదలుపెట్టి (అక్కడ అది ‘ఏ’ (A) మేజర్), కుదిరాక ఒక్కో ఫ్రెట్ కిందికి రండి.

అయినా పాట రాయడానికి ఎఫ్ వచ్చేదాకా ఆగనక్కర్లేదు. సి శ్రుతిలో పాడాలంటే ఐదో ఫ్రెట్ మీద కేపో పెట్టి జి షేపులు వాయించండి. జి షేపు సి అవుతుంది, సి షేపు ఎఫ్ అవుతుంది, డి షేపు జి అవుతుంది.

కార్డ్ మార్చేటప్పుడు అన్ని వేళ్లూ ఒకేసారి లేపడం దండగ. సి నుంచి ‘ఏ’ మైనర్‌కి వెళ్తే చూపుడువేలు, మధ్యవేలు కదలవు, ఉంగరపు వేలు ఒక్కటే ఐదో తీగ నుంచి మూడో తీగకు వస్తుంది. ఉంగరపు వేలిని రెండో తీగ మూడో ఫ్రెట్ మీద, చిటికెనవేలిని ఒకటో తీగ మూడో ఫ్రెట్ మీద పాతేసి జి, సి యాడ్9, ఇ మైనర్ 7 మూడూ వాయించవచ్చు. డికి వెళ్లినా ఉంగరపు వేలు అక్కడే. ఈ నాలుగు షేపులతో బోలెడన్ని పాటలు నడుస్తాయి. అన్ని వేళ్లూ ఒకే క్షణంలో దిగలేకపోతే మంద్ర తీగ మీది వేలికి తొందర నేర్పండి. పిక్ (తీగలు మీటే బిళ్ల) కిందికి వచ్చేటప్పుడు ముందు తాకేది ఆ తీగనే, సన్న తీగల వేళ్లకు ఇంకాస్త సమయం దొరుకుతుంది. ఇంకో వెసులుబాటు: బార్ చివరి ‘పైకి’ మీటు వట్టి తీగల మీద పడినా వినేవాళ్లకు తెలియదు. వేళ్లు మారేందుకు ఆ అర లెక్కని వాడుకోండి.

కుడిచేతికి నియమం ఒక్కటే, ఆగకూడదు. తకధిమి తకజను అనుకుంటూ త కిందికి, క పైకి, ధి కిందికి, మి పైకి, ఇలా చెయ్యి గాలిలోనైనా తిరుగుతూనే ఉండాలి. ఇప్పుడు మొదటి క, రెండో త దగ్గర మాత్రం తీగలను తాకకుండా వదిలెయ్యండి. కింద, కింద–పైన, పైన–కింద–పైన అనే మామూలు స్ట్రమ్మింగ్ వచ్చేస్తుంది. తడబడేవాళ్లంతా ఆ తాకని మీటు దగ్గర చేతిని ఆపేస్తారు, మళ్లీ ఎత్తుకునేసరికి లయ జారిపోతుంది. పిక్ 0.60 నుంచి 0.73 మి.మీ. చాలు, జారి పడిపోకుండా ఉండేంత పట్టే పట్టండి. తిశ్రంలో, అంటే తకిట తకిట నడకలో, వరసగా కింద–పైన వేస్తే రెండో తకిట ‘పైకి’ మీటుతో మొదలై ఊనిక చచ్చిపోతుంది. అక్కడ త కిందికి, కి వదిలెయ్యడం, ట పైకి. రెండు తకిటలూ కిందికే మొదలవుతాయి.

పాడుతూ వాయించడం ఎందుకు తప్పుతుందంటే, చెయ్యి మాటల లయ వెంట పోతుంది. బార్‌కు ఒక్క మీటు మాత్రం వేసి పాట మొత్తం పాడండి. తర్వాత పూర్తి స్ట్రమ్మింగ్ వేస్తూ మాటల్ని పాడకుండా లయలో చదవండి. రెండూ నిలబడ్డాకే కలపండి, మెట్రోనోమ్ (లయకు టిక్కుమనే పరికరం) నిమిషానికి 60 దగ్గర. తప్పిన చోట మొత్తం పాట కాకుండా, తప్పిన బార్‌నీ దాని ముందు బార్‌నీ మాత్రమే తిప్పి వాయించండి.

బాణీకి కార్డ్‌లు వెయ్యడానికి ముందు మీ శ్రుతి తేల్చుకోండి. కర్ణాటక లెక్కలో 1 అంటే సి, 1½ సి షార్ప్, 2 డి, 2½ డి షార్ప్, 3 ఇ, 4 ఎఫ్, 4½ ఎఫ్ షార్ప్, 5 జి, 5½ జి షార్ప్, 6 ఏ, 6½ ఏ షార్ప్, 7 బి. ఐదున్నరలో పాడే అమ్మాయికి జి షేపులు, ఒకటో ఫ్రెట్ మీద కేపో. ఒకటిన్నరలో పాడే అబ్బాయికి సి షేపులు, మళ్లీ ఒకటో ఫ్రెట్టే. పల్లవి హాయిగా ఉందని శ్రుతి ఖాయం చెయ్యకండి. చరణంలో అన్నిటికన్నా పైన ఉన్న స్వరం గొంతు బిగించకుండా అందుతోందా అన్నదే లెక్క.

కార్డ్‌లను అక్షరాలతో కాకుండా స్వరస్థానాలతో గుర్తుపెట్టుకోండి. స మీద మేజర్, మ మీద మేజర్, ప మీద మేజర్, ధ మీద మైనర్. జి శ్రుతిలో అవి జి, సి, డి, ఇ మైనర్. డి శ్రుతిలో డి, జి, ఏ, బి మైనర్. బాణీలో ఒక పాదం ఏ స్వరం మీద ఆగిందో చూడండి. ఆ స్వరం ఒక కార్డ్‌కు మొదటిది, మరోదానికి మూడోది, ఇంకోదానికి ఐదోది అవుతుంది. జి శ్రుతిలో పంచమం మీద, అంటే డి మీద, ఆగితే డి, బి మైనర్, జి మూడూ కుదురుతాయి. జి ఇంటికి చేరినట్టుంటుంది, డి ఇంకా చెప్పాల్సింది ఉన్నట్టు, బి మైనర్ బరువుగా. మూడూ వేసి విని, మాట అర్థానికి తగ్గది ఉంచుకోండి. చరణాన్ని మ మీద కార్డ్‌తో ఎత్తుకుని, చివరి పాదాన్ని ప మీద నిలిపితే పల్లవి స మీదికి తనంతట తానే వచ్చి వాలుతుంది.

రాగం ఛాయలో కడితే కొంచెం జాగ్రత్త. సి శ్రుతిలో మోహనానికి ఉన్నవి సి, డి, ఇ, జి, ఏ మాత్రమే. వాటిలో పూర్తిగా ఇమిడేవి సి, ఏ మైనర్. జి మేజర్ వేస్తే అందులోని బి నిషాదమై దూరుతుంది, బదులుగా జి సస్4 (జి, సి, డి) వేసుకోవచ్చు. ‘ఏ’ (A) శ్రుతిలో కీరవాణికి ‘ఏ’ మైనర్, డి మైనర్, ఎఫ్, ఇ మేజర్ చాలు. ఇ మైనర్ వేస్తే కాకలి నిషాదం (జి షార్ప్) చచ్చిపోయి నటభైరవి రాగంలా వినిపిస్తుంది. గమకం ఎక్కువగా ఉన్నచోట కార్డ్ మానెయ్యడమే మేలు. ఆరో తీగను డికి దించితే కింది మూడు తీగలు డి–ఏ–డి, స–ప–స. 2 శ్రుతిలో, అంటే డిలో, వాటిని తంబూరాలా మోగనిచ్చి, దానిపైన పాడండి.

ఏ బాణీ తట్టినా ‘తననా’లతోనే ఫోన్‌లో రికార్డు చేసుకోండి. మొదట ‘కేపో 2, జి షేపులు, వేగం 76’ అని నోటితో చెప్పి మొదలుపెట్టండి. గిటార్ దించి శ్రుతి చేసి ఉంటే అది కూడా చెప్పండి, లేకపోతే వారం తర్వాత ఆ శ్రుతిని వెతుక్కోవడానికే ఒక సాయంత్రం పోతుంది.