విండోస్ 98 డీటీపీ మెషిన్ నుంచి ఫోన్‌లోకి ఫైళ్ళు: ఒంగోలులో మా బాబాయి ప్రెస్సులో చేసిన పద్ధతి

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ. కావలిలో మీ నాన్నగారి డీటీపీ షాపులో విండోస్ 98 మెషిన్ ఉంది. ఆయన ఇప్పటికీ పేజీలు కట్టే పేజ్‌మేకర్ ప్రోగ్రాములో అను అనే తెలుగు ఫాంట్లతో దాని మీదే పని చేస్తున్నారు. పెన్ డ్రైవ్ పెడితే డ్రైవర్ అడుగుతోంది, సీడీ రైటర్ పాడైంది, కొత్తగా కొన్న వైఫై డాంగిల్‌ని అది గుర్తుపట్టడం లేదు. ఆయన చేసిన పని రోజూ ఫోన్‌లోకి రావాలి. నెల్లూరులో మీ మేనమామగారి బియ్యం మిల్లులో ఉన్న డాస్ మెషిన్ సంగతి కూడా చివర్లో అడిగారు.

ఒంగోలులో మా బాబాయి ప్రెస్సులో మాకూ ఇదే ఇబ్బంది వచ్చింది. పెన్షియం 3, 128 ఎంబీ ర్యామ్, 20 జీబీ హార్డ్ డిస్క్. పెళ్ళి కార్డులు, తిరునాళ్ళ కరపత్రాలు, బండలాగుడు పోటీల పోస్టర్లు, చీమకుర్తి గ్రానైట్ వాళ్ళ బిల్లు పుస్తకాలు, అన్నీ అందులోనే. ఒక సర్వీసు షాపులో అడిగితే ఫార్మాట్ కొట్టి ఎక్స్‌పీ వేస్తామన్నారు. బాబాయి ఒప్పుకోలేదు. ఇరవై ఏళ్ళుగా ఆ కీబోర్డు మీద, ఆ ఫాంట్ల మీద ఆయన చెయ్యి తిరిగిపోయి ఉంది. ఆ మెషిన్ మీద ఆయన గంటలో కట్టే కార్డు, కొత్త ల్యాప్‌టాప్‌లో నాకు పూట పడుతుంది. అందుకే ఆయన పద్ధతి మార్చకుండా, ఫైళ్ళు బయటికి వచ్చే దారి మాత్రమే వెతికాను.

అసలు మాట ముందే చెప్పేస్తాను: ఆ మెషిన్‌కి వైఫై నేర్పించే ప్రయత్నం మానేయండి. దానికి ల్యాన్ తీగ ఇవ్వండి. వైఫై పని పక్కన పెట్టే చిన్న రౌటర్ చూసుకుంటుంది.

ఎందుకంటే విండోస్ 98లో వైఫై అనేదే సొంతంగా లేదు. ఆ కాలపు వైఫై కార్డు దొరికి, డ్రైవర్ ఎక్కినా, ఎక్కువ వాటికి తెలిసింది వెప్ అనే పాత తాళమే. ఆ తాళంలోని లోపం 2001లోనే బయటపడింది, ఇప్పుడు నిమిషాల్లో విప్పేస్తారు. మన ఇళ్ళలో రౌటర్లు వాడే తాళం డబ్ల్యూపీఏ2, లేదా 2018లో వచ్చిన డబ్ల్యూపీఏ3. కొంతమంది రౌటర్‌ని వెప్‌కి మార్చుకోమని సలహా ఇస్తారు. దయచేసి ఆ పని చేయకండి. ఒక్క పాత మెషిన్ కోసం ఇంట్లో అందరి ఫోన్లూ, బ్యాంకు యాప్‌లూ వాడే నెట్‌వర్క్‌కి తలుపు తీసినట్టు అవుతుంది.

ఏదైనా మొదలుపెట్టే ముందు హార్డ్ డిస్క్ కాపీ తీయండి. దీని మీద మాత్రం నేను గట్టిగా చెబుతాను, ఎందుకంటే ఇరవై ఏళ్ళు దాటిన డిస్క్ ఎప్పుడు ఆగిపోతుందో ఎవరూ చెప్పలేరు. రోహిణి కార్తె ఎండల్లో, కరెంటు వస్తూ పోతూ ఉండే రోజుల్లో, అసలు చెప్పలేరు. ఐడీఈ (పాత డిస్కుల కనెక్షన్) నుంచి యూఎస్‌బీకి మార్చే అడాప్టర్ ఆన్‌లైన్‌లో దొరుకుతుంది. డిస్క్‌కి విడిగా 12 వోల్టుల కరెంటు ఇచ్చే పవర్ అడాప్టర్ ఉన్నదే కొనండి, లేకపోతే డెస్క్‌టాప్ డిస్క్ తిరగదు. డిస్క్ వెనక పిన్నుల మీద ఉండే చిన్న టోపీని (జంపర్) మాస్టర్‌లో పెట్టి ల్యాప్‌టాప్‌కి కలపండి. ఫోల్డర్లు లాగి కాపీ చేయడం కంటే లినక్స్‌లో డీడీరెస్క్యూ అనే ప్రోగ్రాముతో మొత్తం డిస్క్‌ని ఒకే ఇమేజ్‌గా తీయడం మేలు. చదవలేని చోట అది ఆగిపోకుండా దాటి ముందుకెళ్ళి, తర్వాత వెనక్కి వచ్చి మళ్ళీ ప్రయత్నిస్తుంది. కాపీ చేసేటప్పుడు డిస్క్ టక్‌టక్‌మంటే వెంటనే ఆపేయండి.

డిస్క్ బయట ఉన్నప్పుడే ఇంకో పని కూడా అయిపోవాలి. ల్యాన్ కార్డు డ్రైవర్, విండోస్ 98 సీడీలోని క్యాబ్ ఫైళ్ళు (విండోస్ సెటప్ మూటలు) అందులో ఒక ఫోల్డర్‌గా వేసేయండి. డిస్క్ ఫ్యాట్32 అనే పద్ధతిలో ఫార్మాట్ అయి ఉంటుంది కాబట్టి కొత్త ల్యాప్‌టాప్ దాని మీద మామూలుగానే రాస్తుంది. నెట్‌వర్క్ పెట్టేటప్పుడు విండోస్ 98 మాటిమాటికీ సీడీ అడుగుతుంది. అప్పుడు ఈ ఫోల్డర్ చూపిస్తే చాలు. మొదటిసారి ఇది తోచక, పనిచేసే ఫ్లాపీ కోసం రెండు రోజులు తిరిగాను.

కార్డు విషయానికొస్తే, రియల్‌టెక్ 8139 చిప్ ఉన్న పీసీఐ ల్యాన్ కార్డు వెతకండి. ఒకప్పుడు అసెంబుల్డ్ మెషిన్లలో చాలా వాడారు కాబట్టి పాత సామాను కొట్లలో ఇంకా కనిపిస్తుంది. దీనికి విండోస్ 98 డ్రైవర్ ఉంది. మన సముద్రపు గాలికి కార్డు కాళ్ళు నల్లబడి ఉంటాయి. పెన్సిల్ రబ్బరుతో నెమ్మదిగా రుద్ది, దుమ్ము దులిపి గుచ్చండి. మాకు మొదట కార్డు కనపడకపోవడానికి కారణం అదే.

ఇప్పుడు ఆ చిన్న రౌటర్. ట్రావెల్ రౌటర్ అంటారు, అరచేతిలో పడుతుంది. కొనేటప్పుడు 'క్లయింట్ మోడ్' ఉందో లేదో చూసుకోండి. ఆ మోడ్‌లో అది మీ ఇంటి వైఫైకి ఫోన్ లాగే కలుస్తుంది, అటు నుంచి ల్యాన్ తీగతో పాత మెషిన్‌కి అందిస్తుంది. మెషిన్‌కి తెలిసింది తీగ మాత్రమే. పాస్‌వర్డు, డబ్ల్యూపీఏ2 లెక్కలన్నీ ఆ డబ్బాలోనే జరిగిపోతాయి. పేరు దగ్గరగా ఉందని 'హాట్‌స్పాట్ మోడ్' పెట్టకండి. అందులో డబ్బా తన వెనక వేరే నెట్‌వర్క్ కడుతుంది. దాని వల్ల వచ్చే చిక్కు కింద చెబుతాను.

విండోస్‌లో కంట్రోల్ ప్యానెల్, నెట్‌వర్క్, టీసీపీ ఐపీ ప్రాపర్టీస్‌లోకి వెళ్ళి ఐపీ నంబరు మీరే ఇవ్వండి. మీ రౌటర్ 192.168.1.1 అయితే మెషిన్‌కి 192.168.1.50, సబ్‌నెట్ 255.255.255.0. గేట్‌వే గడి ఖాళీగా వదిలేయండి. అప్పుడు మెషిన్ ఇంట్లో ఫోన్లతో మాట్లాడుతుంది కానీ ఇంటర్నెట్‌లోకి పోలేదు. విండోస్ 98కి భద్రతా అప్‌డేట్లు 2006 జులైలోనే ఆగిపోయాయి, కాబట్టి బయటికి వెళ్ళకపోవడమే దానికి క్షేమం. పైగా వెళ్ళినా లాభం లేదు. అందులోని పాత బ్రౌజర్‌కి ఈనాటి వెబ్‌సైట్ల భద్రతా పద్ధతి తెలియదు, జీమెయిల్ తెరవబోతే ఎర్రర్ తప్ప ఏమీ రాదు.

ఫోల్డర్ షేరింగ్ పెట్టుకుంటే సరిపోదా అని మీకు అనిపిస్తుంది. నాకూ అనిపించింది. విండోస్ 98 షేరింగ్‌కి వాడేది ఎస్ఎంబీ1 అనే పాత పద్ధతి. 2017 మేలో ప్రపంచమంతా పాకిన వానాక్రై వైరస్ దూరింది ఆ దారిలోనే. ఆ ఏడాది చివర్లో వచ్చిన విండోస్ 10 అప్‌డేట్ నుంచి దాన్ని కొత్త ఇన్‌స్టాలేషన్లలో పెట్టడం మానేశారు. ఇప్పుడు మన ల్యాప్‌టాప్‌లో దాన్ని మళ్ళీ తెరవడం నాకు ఇష్టం లేదు. నెట్‌వర్క్ మీద ఫైళ్ళు పంపే ఎఫ్‌టీపీ అనే పద్ధతి చాలు, విండోస్ 98లో అది ముందే ఉంది.

ఫోన్‌లో ఎఫ్‌టీపీ సర్వర్ యాప్ ఒకటి వేసుకోండి. ఆన్ చేయగానే ఐపీ నంబరు, పోర్టు నంబరు చూపిస్తుంది. ఆండ్రాయిడ్‌లో మామూలు యాప్‌లకి 1024 కంటే తక్కువ పోర్టులు దొరకవు, అందుకే 21 బదులు 2221 లాంటివి కనిపిస్తాయి. పాత మెషిన్‌లో డాస్ ప్రాంప్ట్ తెరిచి ఎఫ్‌టీపీ అని కొట్టి, తర్వాత ఓపెన్, ఫోన్ ఐపీ, పోర్టు వరసగా ఇవ్వండి. లాగిన్ అయ్యాక మొట్టమొదట బైనరీ అని కొట్టండి. ఆ తర్వాతే పుట్ కమాండ్‌తో ఫైలు పంపండి.

బైనరీ ఎందుకంటే, విండోస్ ఎఫ్‌టీపీ తనంతట తాను మొదలయ్యేది టెక్స్ట్ పద్ధతిలో. నేను ఆ మాట కొట్టకుండా నలభై దాకా పేజ్‌మేకర్ ఫైళ్ళు పంపేశాను. ఫోన్‌లో అన్నీ కనిపించాయి, పేర్లూ సరిగ్గానే ఉన్నాయి, కానీ ఒక్కటీ తెరుచుకోలేదు. సైజులు చూస్తే ప్రతి ఫైలూ కాస్త కాస్త తగ్గింది. విండోస్‌లో లైను చివర రెండు బైట్లు ఉంటాయి, ఆండ్రాయిడ్ వైపు ఒకటే. టెక్స్ట్ అనుకుని ఆ రెండింటిని ఒకటి చేసుకుంటూ పోయింది. బాబాయి ముఖం చూసి నాకు చాలా టెన్షన్ వచ్చింది. పాత డిస్క్‌లో అసలు ఫైళ్ళు అలాగే ఉన్నాయి కాబట్టి బతికిపోయాం.

అప్పటి నుంచి విడి ఫైళ్ళు పంపడం మానేశాం. పనంతా విన్‌జిప్‌తో ఒక్క జిప్‌గా కట్టి పంపుతాం. ఫోల్డర్లను పుట్ తీసుకెళ్ళదు, ఆ ఇబ్బంది పోతుంది. జిప్ లోపల ప్రతి ఫైలుకీ సరిచూసుకునే సంఖ్య ఉంటుంది కాబట్టి, అవతల విప్పేటప్పుడు ఒక్క బైటు తేడా ఉన్నా తెలిసిపోతుంది. 60 ఎంబీ జిప్ మాకు నిమిషం లోపే వెళ్తోంది. ఫ్లాపీల్లో అయితే 42 కావాలి.

హాట్‌స్పాట్ మోడ్ చిక్కు ఇక్కడే. లాగిన్ అవుతుంది, పాస్‌వర్డు తీసుకుంటుంది, ఫైళ్ళ పట్టీ అడిగితే మాత్రం అలా బిగుసుకుపోతుంది. విండోస్ ఎఫ్‌టీపీలో డేటా కోసం సర్వరే వెనక్కి తిరిగి మెషిన్‌ని పిలవాలి. మధ్యలో డబ్బా వేరే నెట్‌వర్క్ కట్టి ఉంటే ఆ పిలుపు లోపలికి రాదు. మోడ్ మారిస్తే సరిపోతుంది. క్లయింట్ మోడ్‌లోనూ అలాగే బిగుసుకుంటే, మెషిన్, ఫోన్ రెండూ ఒకే వైఫైలో ఉన్నాయో లేదో చూడండి. గెస్ట్ వైఫైలో ఒకదానికొకటి కనపడవు.

ఫైలు ఫోన్‌లోకి వచ్చినంత మాత్రాన కస్టమర్‌కి చూపించలేం. అను ఫాంట్లు యూనికోడ్ కావు. ఆ ఫాంట్ లేని చోట మన తెలుగంతా ఇంగ్లీషు అక్షరాలు, గుర్తుల కలగాపులగంగా కనిపిస్తుంది. మా బాబాయి పేజ్‌మేకర్ నుంచి పోస్ట్‌స్క్రిప్ట్ ఫైలుకి ప్రింటు ఇచ్చి, అక్రోబాట్ డిస్టిలర్‌తో పీడీఎఫ్ చేస్తారు. డిస్టిలర్ సెట్టింగుల్లో ఫాంట్లు అన్నీ ఫైలులోనే ఇమిడ్చే గడి టిక్ చేసి ఉండాలి. ఆ పీడీఎఫ్ వాట్సాప్‌లో పంపితే అవతల ఏ ఫోన్‌లోనైనా ఒత్తులతో సహా సరిగ్గా కనిపిస్తుంది. ఒరిజినల్ ఫైళ్ళు దాచేటప్పుడు ఫాంట్ల ఫోల్డర్ కూడా అదే జిప్‌లో పెట్టండి. అను 6తో కట్టిన పని అను 7 ఉన్న చోట సరిగ్గా రాక మేం ఇబ్బంది పడ్డాం, అందుకే వెర్షన్ నంబరు ఫోల్డర్ పేరులోనే రాస్తున్నాం.

ఇక నెల్లూరు మిల్లు మెషిన్. 386 ప్రాసెసర్ అన్నారు, కాబట్టి ఐఎస్ఏ అనే పాత రకం కార్డు స్లాటు ఉంటుంది. ఎన్ఈ2000 రకం ల్యాన్ కార్డు దొరికితే డాస్‌లో కార్డుని నడిపే ప్యాకెట్ డ్రైవర్ వేసి, ఎంటీసీపీ అనే ఉచిత ప్రోగ్రాముల సెట్ వాడండి. మైకేల్ బ్రుట్‌మన్ రాసినవి, 386 కంటే ఇంకా పాతవైన 8088 మెషిన్ల మీద కూడా నడుస్తాయి. అందులో ఎఫ్‌టీపీ సర్వర్ కూడా ఉంది కాబట్టి ల్యాప్‌టాప్ నుంచే డాస్ మెషిన్‌లోకి వెళ్ళి ఫాక్స్‌ప్రో డేటాబేస్ (డీబీఎఫ్) ఫైళ్ళు తెచ్చుకోవచ్చు. పక్కన అదే ట్రావెల్ రౌటర్.

కార్డు దొరక్కపోతే సీరియల్ పోర్టుకి ఈఎస్‌పీ8266 అనే వైఫై చిప్‌తో చేసిన వైఫై మోడెమ్ పెట్టొచ్చు. మెషిన్‌కి అది పాత టెలిఫోన్ మోడెమ్ లాగే కనిపిస్తుంది, ఫోన్ నంబరు బదులు ఐపీ నంబరు డయల్ చేస్తారు. సొంతంగా కడితే మధ్యలో వోల్టేజీ మార్చే మ్యాక్స్3232 చిప్ తప్పకుండా ఉండాలి. ఈఎస్‌పీ చిప్ 3.3 వోల్టులది, సీరియల్ పోర్టు వోల్టేజీ నేరుగా తగిలితే కాలిపోతుంది. ఇది 2.4 గిగాహెర్ట్జ్ వైఫైనే పట్టుకుంటుంది. వేగం మాత్రం ఆశించకండి: 9600 స్పీడులో ఒక్క 1.44 ఎంబీ ఫ్లాపీ అంత డేటాకి పాతిక నిమిషాలు పడుతుంది. జెడ్‌మోడెమ్ అనే ఫైళ్ళు పంపే పద్ధతిలో పంపితే మధ్యలో తెగినా అక్కడి నుంచే కొనసాగించొచ్చు. పదేపదే ఒకే చోట ఆగిపోతుంటే మోడెమ్‌లో టెల్‌నెట్ సెట్టింగు చూడండి. టెల్‌నెట్‌లో 255 విలువ ఉన్న బైటుకి ప్రత్యేక అర్థం ఉంది, రెండు వైపులా సెట్టింగు ఒకేలా లేకపోతే అది వచ్చిన చోటల్లా ఫైలు చెడుతుంది.

మీ నాన్నగారి మెషిన్ మూత తీసినప్పుడు ల్యాన్ కార్డు ముందే ఉందేమో చూడండి. కొన్నిటికి మదర్‌బోర్డు మీదే ఉంటుంది. ఉంటే దాని మీది పెద్ద చిప్ నంబరు ఇక్కడ రాయండి, ఏ డ్రైవర్ కావాలో చూసి చెబుతాను.