పేరు అద్దెకిచ్చే ముందు అది ఎవరిదో తేల్చుకోండి

సందేహం: మాది భీమవరం. 2009లో నేనూ, మా బావమరిదీ కలిసి టిఫిన్ సెంటర్ పెట్టాం. ఊరి పేరుకి ‘టిఫిన్స్’ అని తగిలించి బోర్డు రాయించాం. ఇప్పుడు రెండు షాపులయ్యాయి. కూకట్‌పల్లిలో ఉండే మా ఊరాయన ఫ్రాంచైజీ ఇమ్మని, 100 రూపాయల స్టాంపు పేపరు మీద ఒక పేజీ ఒప్పందం రాయించుకొచ్చాడు. అడ్వాన్సు ఐదు లక్షలు ఇస్తానంటున్నాడు. ఒప్పందం అయిపోయాక ఐదేళ్లు అతను టిఫిన్ వ్యాపారం చేయకూడదని రాయించుకోమని మావాళ్లు చెబుతున్నారు. మాకు పార్ట్‌నర్‌షిప్ కాగితం అంటూ లేదు. సంతకం పెట్టొచ్చా?

సలహా: ఇప్పుడే పెట్టకండి. ఆ పేజీలో రాయల్టీ (పేరు వాడుకున్నందుకు అమ్మకాల్లోంచి అతను మీకిచ్చే వాటా) ఎంతో, ఎన్నేళ్లో ఉండే ఉంటుంది. మీ సమస్య అంతకంటే ముందే మొదలవుతుంది.

మన దేశంలో ఫ్రాంచైజీకని విడిగా చట్టం లేదు. 1872 నాటి కాంట్రాక్టు చట్టం, 1999 నాటి ట్రేడ్ మార్కుల చట్టమే ప్రధాన ఆధారం. మీరిచ్చేది ప్రధానంగా పేరు వాడుకునే హక్కు. మరి ఆ పేరు ఎవరిది? కాగితం లేకపోయినా, ఇద్దరూ కలిసి వ్యాపారం చేసి లాభం పంచుకుంటున్నారు కాబట్టి 1932 నాటి భాగస్వామ్య చట్టం ప్రకారం మీది భాగస్వామ్యమే. వేరే ఒప్పందం లేనప్పుడు పేరు ప్రతిష్ఠ, అంటే గుడ్‌విల్, ఫర్మ్ (మీ ఇద్దరి భాగస్వామ్య సంస్థ) ఆస్తి. మీ ఒక్కరి సంతకంతో దాన్ని ఇచ్చేస్తే, రేపు మీ బావమరిది ‘నన్నడక్కుండా ఎలా ఇచ్చావు బావా’ అనొచ్చు. కోర్టులో ఆ ప్రశ్నకు బలం ఉంటుంది.

ఇంకో చిక్కు చాలామందికి తెలియదు. అదే చట్టం సెక్షన్ 69 ప్రకారం, రిజిస్టర్ కాని ఫర్మ్ ఒప్పందంలోని హక్కు కోసం బయటివాళ్ల మీద దావా వేయలేదు. మీ కూకట్‌పల్లి ఆయన ఏడాది పాటు రాయల్టీ ఎగ్గొట్టినా కోర్టు గుమ్మం దగ్గరే ఆగిపోతారు. పేరు దొంగిలించినవాడిని ఆపడానికి మాత్రం ఈ అడ్డు లేదు. ట్రేడ్ మార్కు హక్కు చట్టం ఇచ్చింది, ఒప్పందం వల్ల వచ్చింది కాదని సుప్రీంకోర్టు 2000లో హల్దీరామ్ కేసులో చెప్పింది. అది కూడా కుటుంబ వ్యాపారంలో పేరు కోసం పుట్టిన గొడవే. కాబట్టి మొదట ఇద్దరూ కూర్చుని భాగస్వామ్య పత్రం (డీడ్) రాసుకుని, రిజిస్ట్రార్ ఆఫ్ ఫర్మ్స్ దగ్గర రిజిస్టర్ చేయించండి.

తర్వాత ట్రేడ్ మార్కు. ఊరి పేరు, పక్కన ‘టిఫిన్స్’ అంటే అభ్యంతరం వస్తుంది. సరుకు ఎక్కడిదో, ఏమిటో చెప్పే మాటల మీద ఒకరికే హక్కివ్వడానికి చట్టం సాధారణంగా ఒప్పుకోదు. ఏళ్ల తరబడి వాడకంతో జనం ఆ పేరు వినగానే మీ షాపునే తలుచుకుంటారని రుజువు చేస్తే వేరు. 2009 నాటి మున్సిపల్ ట్రేడ్ లైసెన్సు, పాత బిల్లు బుక్కులు, బోర్డు కనిపించే ఫొటోలు వెతికి తీయండి. అయినా నా మాట వింటే, పాత పేరుకి ఒక సొంత మాట, ఒక లోగో కలిపి దరఖాస్తు చేయండి. ట్రేడ్ మార్కు ఏ రకం సరుకుకో, సేవకో చెప్పే వర్గాన్ని క్లాసు అంటారు. హోటల్ సేవలకు 43వ క్లాసు. కారప్పొడులు ప్యాకెట్లలో అమ్మితే 30 కూడా. ఉద్యమ్ (చిన్న వ్యాపారాల ప్రభుత్వ నమోదు) రిజిస్ట్రేషన్ ఉన్న చిన్న సంస్థకు ఆన్‌లైన్ ఫీజు క్లాసుకు 4,500 రూపాయలు. లేకపోతే 9,000. మనకు చెన్నై ఆఫీసు. దరఖాస్తు నంబరు చేతికొచ్చాక ఒప్పందం రాసుకోవచ్చు, సర్టిఫికెట్ వచ్చేదాకా ఆగక్కర్లేదు.

ఇక ఐదేళ్ల షరతు. రాసుకున్నా చెల్లదు. కాంట్రాక్టు చట్టం సెక్షన్ 27 దాన్ని ఒప్పుకోదు. ఒప్పందం నడిచినన్నాళ్లూ పోటీ వ్యాపారం చేయొద్దనవచ్చు. 1995లో గుజరాత్ బాట్లింగ్, కోకాకోలా కేసులో సుప్రీంకోర్టు అలాంటి షరతును సమర్థించింది. గడువు తీరాక మాత్రం అతను పెసరట్టు పోసుకుంటానంటే ఆపలేరు. ఆపగలిగింది మీ పేరును, మీ బోర్డును, రహస్యంగా ఉంచమని రాయించుకున్న మీ ఫార్ములాను. అందుకే అల్లం పచ్చడి ముద్ద, సాంబారు పొడి భీమవరంలోనే తయారుచేసి పంపండి, కొలతలు ఇవ్వకండి. ఇది కోర్టు ఆర్డరు కంటే గట్టిగా పనిచేస్తుంది.

ఒప్పందంలో అందరూ వదిలేసేది విడిపోయే రోజు. స్విగ్గీ, జొమాటో ఖాతాలు, గూగుల్‌లో షాపు పేజీ, ఆర్డర్లు తీసుకునే ఫోన్ నంబరు అతని పేరు మీద ఉంటే, బోర్డు దించాక కూడా మీ రేటింగు, మీ కస్టమర్లు అతని దగ్గరే ఉండిపోతారు. అవన్నీ ఫర్మ్ పేరు మీద తెరిచి, వాడుకునే వీలు మాత్రమే అతనికివ్వండి. బోర్డు ఎన్ని రోజుల్లో తీయాలి, తీయకపోతే రోజుకి ఎంత కట్టాలి అన్నది అంకెల్లో రాయించండి.

పన్నుల సంగతి. ఫ్రాంచైజీ ఫీజుకీ, రాయల్టీకీ 18 శాతం జీఎస్టీ ఉంది. 5 శాతం స్లాబులో ఉన్న హోటల్‌కి ఆ పన్ను క్రెడిట్‌గా తిరిగి రాదు. కాబట్టి 4 శాతం రాయల్టీ అంటే అతనికి పడేది 4.72. ముందే చెప్పండి, తర్వాత తగువులుండవు. మీరు కాంపోజిషన్ స్కీములో (చిన్న వ్యాపారులు అమ్మకాల మీద తక్కువ శాతం జీఎస్టీ కట్టే పద్ధతి) ఉంటే తెలంగాణకి పొడులు పంపడం కుదరదు, అంతర్రాష్ట్ర అమ్మకానికి అందులో వీల్లేదు. ఆడిటర్‌తో మాట్లాడి బయటికి రండి. ఫుడ్ లైసెన్సు ఆ షాపుకి విడిగా, అతని పేరు మీదే ఉండాలి.

‘నెలకి ఇంత మిగులుతుంది’ అని వాట్సాప్‌లో కూడా రాయకండి. నష్టమొస్తే తప్పుడు మాట చెప్పి ఒప్పించారని మీ మీదకొస్తారు. డబ్బు అతను పెడితే షాపు మీరే నడిపి నెలనెలా ఖాయంగా ఇంత ఇస్తాననే పద్ధతి అసలొద్దు. అది డిపాజిట్ కిందికి వచ్చి 2019 నాటి అక్రమ డిపాజిట్ల నిషేధ చట్టంలో ఇరుక్కునే ప్రమాదం ఉంది.

ఐదు లక్షలు ఇప్పుడే తీసుకోకండి. మరీ బలవంతపెడితే కొద్ది మొత్తం, బ్యాంకు ద్వారా, ‘నాలుగు నెలల్లో ఒప్పందం కుదరకపోతే వడ్డీ లేకుండా వాపసు’ అని రశీదు రాసి తీసుకోండి. రశీదు మీద మీ బావమరిది సంతకం కూడా ఉండాలి.