తొందరలో దూరే మూస

తమ్ముడూ,

నీ స్క్రిప్టు మొత్తం చదివాను. ఒక్క రాత్రికి పిల్లల్ని అప్పగిస్తే, వాళ్లను వెంటేసుకుని హైదరాబాదంతా తిరిగే కుర్రాడి కథ. బూతు ఎక్కువైందేమోనని అడిగావు. ఆ బెంగ వదిలెయ్. పెద్దవాళ్ల కోసం తీసే కామెడీలో బూతు ఉంటే ఉంటుంది. నాకు గుచ్చుకున్నది వేరే.

‘ది సిట్టర్’ నువ్వు చూసే ఉంటావు. 2011లో వచ్చింది, జోనా హిల్ హీరో. కొకైన్ పట్టుకొస్తే నీతో పడుకుంటానని ఓ అమ్మాయి ఊరిస్తే, చూసుకోమన్న ముగ్గురు పిల్లల్ని బండెక్కించుకుని న్యూయార్క్ మీద పడతాడు. ఆ ముగ్గురిలో స్లేటర్‌కి ప్రతిదానికీ కంగారే. తను గే అని తనకు తానే చెప్పుకోలేని పిల్లాడు. నువ్వు గేవి, అందులో తప్పేమీ లేదని హీరో వాడికి సూటిగా చెప్తాడు. అంత బూతు సినిమాలో ఆ నిమిషం ఎంత మర్యాదగా ఉందో మళ్లీ చూడు. అదే సినిమా, డ్రగ్స్ అమ్మే కార్ల్ స్థావరంలో కండలు తిరిగిన మగాళ్లను నిలబెట్టి వాళ్లను చూసి నవ్వమంటుంది. ఎల్ సాల్వడార్ నుంచి దత్తతకు తెచ్చుకున్న రోడ్రిగో చేతికి బాంబులిచ్చి టాయిలెట్లు పేల్పిస్తుంది. రాక్సాన్ అనే అమ్మాయిని పక్కనపెడితే, నల్లవాళ్లు ఎక్కువగా ఎదురయ్యేది బెదిరించేవాళ్లుగానే.

తీసినవాడికి చేతకాక ఇలా జరగలేదు. దాని దర్శకుడు డేవిడ్ గోర్డన్ గ్రీన్ 2000లో ‘జార్జ్ వాషింగ్టన్’ తీశాడు. నార్త్ కరోలినాలో పాడుబడుతున్న ఓ ఊరు, అక్కడి పిల్లలు, ఎక్కువమంది నల్లపిల్లలే. వాళ్లు మాట్లాడుకుంటుంటే కెమెరా ఓపిగ్గా కూర్చుని వింటుంది. అదే మనిషి చేతిలో పదకొండేళ్లకు ఇదెలా వచ్చింది? స్క్రిప్టు వేరేవాళ్లది, నిజమే. కానీ నాకు కనబడే కారణం ఇంకొకటుంది. ఒక్క రాత్రి కథకు ఊపిరి సలపదు. మలుపుమలుపుకీ కొత్త మనిషి ఎదురవ్వాలి, వాడెవడో జనానికి రెండు క్షణాల్లో తెలిసిపోవాలి. ఆ తొందరలోనే మూస పాత్ర లోపలికొస్తుంది. రాసేవాడికి ఎవరి మీదా ద్వేషం ఉండనక్కర్లేదు. 1987 నాటి ‘అడ్వెంచర్స్ ఇన్ బేబీసిటింగ్’లో కూడా, చికాగోలో నల్లవాళ్ల బ్లూస్ సంగీతం మోగే ఓ క్లబ్బులోకి తెల్లపిల్లలు పారిపోయి వస్తారు, పాట పాడితేగానీ బయటికి వదలరు. సరదాగానే ఉంటుంది. తర్వాత అక్కడ వాయించిన ఆల్బర్ట్ కాలిన్స్ గిటార్ తప్ప ఆ క్లబ్బులో ఇంకెవరైనా గుర్తున్నారా? పిల్లలకు చప్పట్లు కొట్టడంతోనే ఆ క్లబ్బులోని నల్లవాళ్ల పని అయిపోయింది.

మన సినిమాల్లో ఏళ్ల తరబడి తెలంగాణ యాసను రౌడీకీ కమెడియన్‌కీ అంటగట్టడం నీకు నేను చెప్పాలా? ఇంట్లో అదే యాస మాట్లాడుకునే పిల్లలు థియేటర్లో కూర్చుని అది విన్నారు.

ఇప్పుడు నీ వాచ్‌మన్ దగ్గరికి రా. గూర్ఖా, టోపీ, ‘షాబ్ షాబ్’ అంటూ వచ్చీరాని తెలుగు, నిద్రమత్తు. గేటు తెరవడానికి ఒక మనిషి కావాల్సొచ్చి, చేతికందినవాణ్ని తెచ్చిపెట్టావు. ఆ అపార్ట్‌మెంటు సెల్లార్‌లో ఒక గది పెట్టు. అందులో అతని పెళ్లాం, ఇద్దరు పిల్లలు. మీ కుర్రాడు పది నిమిషాలు చూడమని పిల్లల్ని అక్కడ దింపి వెళ్తాడు. సాయంత్రం నుంచి బతిమాలినా ముద్ద ముట్టనివాళ్లు అక్కడ రెండోసారి అన్నం పెట్టించుకుంటారు, ఇక రామంటారు. ఏ ఫ్లాట్‌లో ఎవరు ఎన్నింటికి ఇంటికొస్తారో వాచ్‌మన్ కూతురు గడగడా చెప్తుంది, అందులో మీ హీరో దాచుకున్న గుట్టు కూడా ఉంటుంది. నవ్వు తగ్గదు. ఇప్పుడు చిక్కులో పడేది మాత్రం హీరో.

సిగ్నల్ దగ్గర హిజ్రా బుగ్గ గిల్లే సీను తీసెయ్. ఉంచాలనే ఉంటే, ఆ వేళప్పుడు ఆమె ఎక్కడికి బయల్దేరిందో, వెనకాల పిల్లలు ఏడుస్తుంటే ఏమంటుందో ముందు తేల్చుకో. అది తేలేదాకా ఆమెకు ఒక్క డైలాగు కూడా రాయకు.

పిల్లల మాటలు మాత్రం ముట్టుకోకు. ‘నాన్నకన్నా నువ్వే నయం మామా, అబద్ధాలు బాగా ఆడతావు’ అని చిన్నది అన్నచోట గట్టిగా నవ్వాను. వాచ్‌మన్ సీను తిరగరాసి పంపు. సెన్సారు సంగతి తర్వాత మాట్లాడుకుందాం.

నీ
అన్నయ్య