5,000 రూపాయలకు లిడియా సింహం నాణెం వస్తుందా?

రాదండీ. మీరు ఆన్‌లైన్‌లో చూసిన ఆ 'క్రీస్తుపూర్వపు ఎలక్ట్రం నాణెం' నకిలీయే అయ్యుంటుంది (లిడియా అంటే ఇప్పటి టర్కీలో ఉన్న ఓ పాతకాలపు రాజ్యం, ఎలక్ట్రం అంటే బంగారం, వెండి కలిసిన లోహం). ఇంత ధైర్యంగా ఎందుకు చెబుతున్నానంటే, అచ్చం అలాంటిదే కొని బోల్తా పడ్డాను.

అప్పుడు లండన్‌లో ఉండేవాణ్ణి. పసుపుగా తళతళలాడుతోంది, సింహం నోరు తెరిచి ఉంది, తూకం కూడా 4.7 గ్రాములు (లిడియా స్టేటర్‌లో అంటే అప్పటి పెద్ద నాణెంలో మూడో వంతుదాన్ని ట్రిటే అంటారు, దాని బరువు అంతే), ఇంకేం కావాలి అనుకున్నా. ఓ ఆదివారం అనుమానం వచ్చి, నగల కాటా మీద నీళ్ల గ్లాసు పెట్టి, సున్నా చేసి, నాణేనికి దారం కట్టి అడుగు తగలకుండా ముంచాను. 0.55 గ్రాములు చూపించింది, అంటే నాణెం పక్కకి తోసిన నీళ్ల బరువు. 4.7ని దాంతో భాగిస్తే సాంద్రత 8.5. ఇత్తడి! అసలుదైతే 0.34 దగ్గర ఆగాలి.

ఎందుకంటే లిడియా ఎలక్ట్రంలో బంగారం సుమారు 55 శాతం, మిగతాదంతా దాదాపు వెండే, కాస్త రాగి. తమాషా ఏంటంటే, రాజధాని సార్డిస్ పక్కన పాక్టోలస్ ఏట్లో దొరికే బంగారంలో వెండి అంత ఉండదు, కావాలనే కలిపేవారు. కంటితో చూసి పాళ్లు ఎవరు చెప్పగలరు? సింహం ముద్రను నమ్మి పుచ్చుకోవడమే. మన కంసాలి వాడే గీటురాయిని గ్రీకులు 'లిడియా రాయి' అనేవారంటే ఊరికే అన్నారా! చివరికి లిడియా రాజు క్రీసస్ ఈ గొడవంతా ఎందుకని బంగారు, వెండి నాణేలు విడివిడిగా కొట్టించాడు.

నిజంగా ఎలక్ట్రం కొనాలనుంటే మిటిలీని, ఫొకయా అనే పాత గ్రీకు ఊళ్ల హెక్టేలు చూడండి. స్టేటర్‌లో ఆరో వంతు, రెండున్నర గ్రాములు, చొక్కా గుండీ అంత ఉంటాయి. ఆ రెండు ఊళ్లూ ఒప్పందం రాసుకుని వంతులవారీగా కొట్టేవి. ఆ ఒప్పందం చెక్కిన రాయి ఇప్పటికీ ఉంది: లోహం కలిపేవాడు కావాలని బంగారం తగ్గించాడని తేలితే మరణశిక్ష, తెలియక చేస్తే ఏం చెయ్యాలో కోర్టు చెబుతుంది.

నాది పాత యజమానుల రికార్డు ఉన్న మిటిలీని హెక్టే, వేలంలో కొన్నాను. బొమ్మ పక్కకి జరిగి ముక్కు సగం అచ్చులో పడనే లేదు, మా ఆవిడ దీనికా అంత డబ్బు అంది. నీళ్లలో మాత్రం 0.20, అంటే సాంద్రత 12.5 దాకా, ఇత్తడి కాదు.

ఒకటి గుర్తుంచుకోండి, సాంద్రత కుదిరితే అసలుదని కాదు, ఎలక్ట్రంతోనే నకిలీలు కొట్టేవాళ్లున్నారు. కుదరకపోతే మాత్రం నకిలీయే. ముందు నీళ్లలో తూచిన ఫోటో అడగండి, అమ్మేవాడు నసిగితే వదిలేయండి.