సస్పెన్షన్‌లో ఉండగా ప్రైవేటు ఆసుపత్రిలో చేరవచ్చా?

ప్రశ్న: నేను ప్రభుత్వ ఆసుపత్రిలో స్టాఫ్ నర్సును. రాత్రి డ్యూటీలో నేను ఇంజెక్షన్ ఇచ్చిన కాసేపటికే ఒక రోగి చనిపోయారు. బంధువులు ఆందోళన చేయడంతో మర్నాడే నన్ను సస్పెండ్ చేశారు. నాలుగు నెలలైనా ఛార్జ్ మెమో (అభియోగ పత్రం) రాలేదు. సగం జీతంతో ఇల్లు గడవడం లేదు. ఒక నర్సింగ్ హోమ్ వారు రమ్మంటున్నారు. చేరవచ్చా?

జవాబు: చేరకండి. సస్పెన్షన్‌లో ఉన్నా మీరు ప్రభుత్వ ఉద్యోగే. వేరే ఉద్యోగం చేయడం లేదని రాసిస్తేనే ప్రభుత్వోద్యోగుల ఫండమెంటల్ రూల్స్‌లోని 53వ నియమం (ఎఫ్‌ఆర్ 53) కింద మీకు జీవన భృతి, అంటే ఇప్పుడు వస్తున్న ఆ సగం జీతం, ఇస్తారు. నర్సింగ్ హోమ్ హాజరు పట్టీలో మీ సంతకం దొరికితే, ఇంజెక్షన్ విషయంలో మీ తప్పేమీ లేకపోయినా ఆ ధ్రువీకరణ అబద్ధమైనందుకు కొత్త అభియోగం వచ్చిపడుతుంది. జాప్యానికి మీరు కారణం కాకపోతే, తొలి నెలలు గడిచాక భృతిని అందులో సగం మేర పెంచే వీలుంది. అందుకు దరఖాస్తు పెట్టండి.

మీ అసలు బలం ఆ నాలుగు నెలల్లోనే ఉంది. ఉద్యోగుల క్రమశిక్షణ చర్యలకు సంబంధించిన 1991 నాటి సీసీఏ (వర్గీకరణ, నియంత్రణ, అప్పీలు) నియమాల్లోని 8వ నియమం కింద చేసే సస్పెన్షన్ శిక్ష కాదు, విచారణ సజావుగా సాగడానికి చేసే ఏర్పాటు. జనం కోపం చల్లార్చడానికి ఒక నర్సును ఇంటికి పంపి ఫైలును మూలన పడేయడం ముమ్మాటికీ అన్యాయం. మూడు నెలల్లోగా ఛార్జ్ మెమో ఇవ్వకపోతే సస్పెన్షన్ కొనసాగకూడదని 2015లో అజయ్ కుమార్ చౌదరి కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. సాక్ష్యాలను ప్రభావితం చేస్తారన్న అనుమానం ఉంటే ఉద్యోగిని వేరే చోటికి బదిలీ చేయవచ్చని కూడా అందులోనే ఉంది. అంతమాత్రాన ఉత్తర్వు దానంతటదే రద్దయిందనుకుని డ్యూటీకి వెళ్లకండి. ఈ తీర్పును ఉదహరిస్తూ సస్పెన్షన్ ఎత్తివేయాలని, అవసరమైతే మరో ఆసుపత్రిలో పోస్టింగ్ ఇవ్వాలని నియామకాధికారికి వినతిపత్రం రాసి, రిజిస్టర్డ్ పోస్టులో పంపండి. స్పందన లేకపోతే హైకోర్టులో రిట్ వేయవచ్చు.

మీ నర్సింగ్ రిజిస్ట్రేషన్‌కు ఈ ఉత్తర్వుతో సంబంధం లేదు. దానిపై చర్య తీసుకోవాలంటే నర్సింగ్ కౌన్సిల్ విడిగా విచారించాలి.

ఈలోగా కేస్ షీట్, డాక్టర్ మందు రాసిన కాగితం, ఆ రాత్రి డ్యూటీ రిజిస్టరు, ఇంజెక్షన్ బ్యాచ్ నంబరు ఉన్న స్టాకు పుస్తకం నకళ్ల కోసం సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు చేయండి. వార్డులో ఎంతమంది రోగులకు ఎందరు నర్సులున్నారో కూడా అడగండి. ఛార్జ్ మెమో వచ్చాక జవాబివ్వడానికి కొద్ది రోజులే గడువుంటుంది, అప్పుడు వీటి కోసం వెతికే తీరిక ఉండదు.