గేజ్‌లో ఒక నంబరు, ల్యాప్‌టాప్‌లో ఇంకో నంబరు: మా వాడికి దీంట్లో కెరీర్ ఉందా?

ప్రశ్న: నమస్తే అండీ, మాది ఒంగోలు. మా అబ్బాయి హైదరాబాద్ దగ్గర ఈసీఈ థర్డ్ ఇయర్ చదువుతున్నాడు. ఫ్రెండ్‌తో కలిసి ఒక పాత ఎస్టీమ్ కొన్నాడు, దాంట్లో కంపెనీ కంప్యూటర్ తీసేసి స్పీడ్యూనో అని వేరే బోర్డు పెట్టాడు. ఇప్పుడు ఇరవై వేలకి పైనే పెట్టి వైడ్‌బ్యాండ్ గేజ్ అంట, అది తెప్పించాడు. దాన్ని ట్యూనర్‌స్టూడియో అనే సాఫ్ట్‌వేర్‌కి కలపడమే నెల రోజులుగా పని, గేజ్ 14.7 చూపిస్తుంటే ల్యాప్‌టాప్ 15.2 అంటోందని రాత్రుళ్ళు నిద్ర కూడా పోవట్లేదు. రెండు బ్యాక్‌లాగ్‌లు ఉన్నాయి. అడిగితే ట్యూనింగ్ షాపు పెడతా అంటాడు. వాడి బ్యాచ్ మొత్తం జావా నేర్చుకుంటోంది. కారు అమ్మించేయమంటారా?

జవాబు: నమస్తే అండీ. మీరు రాసిన దాంట్లో మిగతా అంతా ఒకెత్తు, ఆ 14.7, 15.2 సంగతి ఒకెత్తు. మీకది పిచ్చి పనిలా కనిపిస్తుండొచ్చు, నేను మాత్రం అక్కడే ఆగిపోయా, ఎందుకంటే ఆ అర పాయింట్ తేడా ఎక్కణ్ణుంచి వస్తోందో పట్టుకునే మనుషులకి కార్ల కంపెనీలు జీతాలిచ్చి మరీ ఉద్యోగాలిస్తాయి, క్యాలిబ్రేషన్ ఇంజనీర్ అంటారు. షాపు సంగతి తర్వాత చూద్దాం.

అసలు వాడు ఏం చేస్తున్నాడో ముందు మీకు తెలియాలి, లేకపోతే వాడితో మాట్లాడలేరు. సైలెన్సర్ పైపులో ఒక సెన్సర్ పెడతారు, అది కాలిన పొగలో మిగిలిన ఆక్సిజన్ చూసి ఇంజన్‌లో గాలి, పెట్రోల్ ఏ పాళ్ళలో కాలాయో చెప్తుంది. ఒక కిలో పెట్రోల్‌కి 14.7 కిలోల గాలి అయితే సరిగ్గా సరిపోయినట్టు, అంతకంటే నంబరు పెరిగితే పెట్రోల్ తక్కువైనట్టు అంటే లీన్, తగ్గితే రిచ్. గేజ్ ఆ నంబరుని డ్యాష్‌బోర్డు మీద చూపిస్తూనే ఇంకో వైరు మీద 0 నుంచి 5 వోల్టుల మధ్య ఒక సిగ్నల్ బోర్డుకి పంపిస్తుంది. బోర్డుకి 14.7 అనేది తెలీదండీ, దానికి కనిపించేది వోల్టులే, ఎన్ని వోల్టులకి ఏ నంబరు అనేది సాఫ్ట్‌వేర్‌లో మనం చెప్పాలి. ఉదాహరణకి ఏఈఎం ఎక్స్-సిరీస్ గేజ్ అయితే వోల్టుల్ని 2.375తో గుణించి 7.3125 కలపాలి, అంటే 14.7కి దాదాపు 3.11 వోల్టులు రావాలి.

ఇక్కడ జరిగే తప్పులు ముఖ్యంగా రెండే. ఒకటి, సాఫ్ట్‌వేర్ లిస్టులో వేరే కంపెనీ గేజ్ ఎంచుకోవడం. ఇన్నోవేట్ వాళ్ళ గేజ్ మామూలుగా 0 వోల్టులకి 7.35, 5 వోల్టులకి 22.39 లెక్కన పంపిస్తుంది, ఏఈఎం గేజ్ పెట్టి సాఫ్ట్‌వేర్‌లో ఇన్నోవేట్ అని నొక్కితే 14.7 కాస్తా 16.7 అయి కూర్చుంటుంది, అదే 12.5 దగ్గర చూస్తే 13.9 వస్తుంది, అంటే తేడా ఒకచోట 2 ఇంకోచోట 1.4, మారిపోతూ ఉంటుంది. రెండోది ఎర్త్. ఆ సెన్సర్ లోపల హీటర్ ఉంటుంది, అది బాగానే కరెంటు లాగుతుంది, ఆ కరెంటు అంతా తిరిగి వెళ్ళే ఎర్త్ పాయింట్ తుప్పు పట్టిన బోల్టో సన్న వైరో అయితే అక్కడే 0.1, 0.2 వోల్టులు పడిపోతాయి, గేజ్ తన ఎర్త్ నుంచి కొలిచి పంపిస్తుంది, బోర్డు తన ఎర్త్ నుంచి కొలిచి చదువుతుంది, రెండు ఎర్త్‌లూ ఒకటి కాదు. అప్పుడు రిచ్‌లో చూసినా లీన్‌లో చూసినా తేడా దాదాపు ఒకేలా ఉంటుంది.

ఇప్పుడు మీవాడి లెక్క వేయండి. 0.2 వోల్టులు ఇంటూ 2.375 అంటే 0.475. 14.7కి కలిపితే 15.2కి ఇంచుమించు వచ్చేసింది కదా. వాడిది ఏఈఎం గేజే అయితే నా అనుమానం మొత్తం ఎర్త్ మీదే. ఈ ఆదివారం ఒక పని చేయమనండి, ఇంజన్ స్టార్ట్ చేసి సెన్సర్ వేడెక్కాక, మల్టీమీటర్ నల్ల ప్రోబు బోర్డు సెన్సర్ గ్రౌండ్ మీద, ఎర్ర ప్రోబు గేజ్ ఎర్త్ ఇచ్చిన చోట పెట్టి చూడమనండి. సున్నాకి దగ్గర్లో రావాలి. 0.2 చూపిస్తే దొంగ దొరికినట్టే. అప్పుడు గేజ్ పవర్ ఎర్త్‌ని నేరుగా ఇంజన్ బ్లాక్‌కి మంచి లగ్ వేసి బిగించి, సిగ్నల్ మైనస్ వైరుని విడిగా బోర్డు సెన్సర్ గ్రౌండ్‌కే తీసుకెళ్ళాలి. సాఫ్ట్‌వేర్‌లో అర పాయింట్ తగ్గించేసి సరిపెట్టుకుందాం అనుకుంటే మాత్రం ఒప్పుకోకండి, ఎందుకంటే హీటర్ లాగే కరెంటు ఎప్పుడూ ఒకేలా ఉండదు, ఇవాళ సర్దిన నంబరు రేపు ఇంకోలా తప్పుతుంది. తేడా అటువైపు ఉంది కాబట్టి సరిపోయింది, లేని లీన్ చూపిస్తోంది, మహా అయితే పెట్రోల్ ఎక్కువ పోస్తాడు. ఇటువైపు ఉండి లీన్‌గా నడుస్తున్న ఇంజన్‌ని రిచ్ అని చూపించి ఉంటే, వీడు దాన్ని నమ్మి ఇంకా పెట్రోల్ తగ్గించి ఫుల్ రేస్ ఇచ్చి ఉంటే, పిస్టన్లు పోయేవి.

సరే, కెరీర్. వాడు ట్యూనర్‌స్టూడియోలో చేసే పనే కంపెనీల్లో ఈటాస్ వాళ్ళ ‘ఇంకా’ (INCA), వెక్టర్ వాళ్ళ ‘కానేప్’ (CANape) అనే సాఫ్ట్‌వేర్లలో చేస్తారు. అక్కడ ఈసీయూతో, అంటే ఇంజన్‌ని నడిపే కంప్యూటర్‌తో పాటు ఏ2ఎల్ అని ఒక ఫైల్ ఇస్తారు, ఈసీయూ మెమరీలో ఏ అడ్రస్‌లో ఏ విలువ ఉంది, ఆ పచ్చి నంబరుని ఏ సూత్రంతో మనకి అర్థమయ్యే యూనిట్లలోకి మార్చాలి అన్నది అందులో ఉంటుంది. చూశారా, వోల్టుల్ని 2.375తో గుణించే కథే మళ్ళీ. బాష్ సాఫ్ట్‌వేర్ సెంటర్లు బెంగళూరు, కోయంబత్తూరు, హైదరాబాద్‌లో ఉన్నాయి, హైదరాబాద్‌లోనే జెడ్‌ఎఫ్, హ్యుందాయ్ ఇంజనీరింగ్ ఉన్నాయి, పుణెలో కేపీఐటీ, ఏఆర్ఏఐ, చెన్నైలో మహీంద్రా రీసెర్చ్ వ్యాలీ. అసలు ఇంజన్ మీద చెయ్యి పెట్టే క్యాలిబ్రేషన్ పని మాత్రం పుణె, చెన్నైలోనే ఎక్కువ, హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్, టెస్టింగ్ వైపు ఎక్కువ, కాబట్టి ఊరు మారడానికి సిద్ధపడాలి. ఎండాకాలం రాజస్థాన్, చలికాలం లేహ్ అని కార్లతో పాటు తిప్పుతారు కూడా, పెళ్ళయ్యాక ఇది కొందరికి కష్టం, ముందే చెప్తున్నా.

ఎలక్ట్రిక్ కార్లు వచ్చేశాయి కదా ఇంజన్ నేర్చుకుని ఏం లాభం అని మీ బంధువుల్లో ఎవరో ఒకరు అనే ఉంటారు. బ్యాటరీ మేనేజ్‌మెంట్ బోర్డుకీ, మోటర్ కంట్రోలర్‌కీ ఇవే క్యాన్ వైర్లు (బండిలో బోర్డులు ఒకదానితో ఒకటి మాట్లాడుకునే లైను), ఇవే ఎక్స్‌సీపీ (బోర్డు లోపలి విలువల్ని ల్యాప్‌టాప్ నుంచి చదివి మార్చే పద్ధతి), కానేప్. సెన్సర్ చెప్పేది నిజమా కాదా అని అనుమానించడం అక్కడ ఇంకా ఎక్కువ కావాలి.

ట్యూనింగ్ షాపు విషయంలో నా అభిప్రాయం మొహమాటం లేకుండా చెప్తా. ఇప్పుడే వద్దు. మన దగ్గర ఆ వ్యాపారంలో ఎక్కువ భాగం ఎవరో చేసిన ఫైల్ తెచ్చి ఓబీడీ పోర్టులోంచి (సర్వీసు వాళ్ళు కారు కంప్యూటర్‌కి మెషీన్ తగిలించే సాకెట్) ఎక్కించడమే, దాంట్లో వీడు నేర్చుకునేదేం లేదు, పైగా కస్టమర్ కారు వారంటీ పోతే గొడవ మన గుమ్మంలోకి వస్తుంది. కొంతమంది డీజిల్ బండ్లలో పొల్యూషన్ ఫిల్టర్ పీకేసి సాఫ్ట్‌వేర్‌లో ఆఫ్ చేసిస్తుంటారు, అలాంటి పని వాడి రెజ్యూమెలో కనబడితే ఏ కంపెనీ హెచ్ఆరూ పిలవదు. నాలుగైదేళ్ళు కంపెనీలో చేశాక కూడా షాపు మీదే మనసుంటే అప్పుడు పెట్టుకోమనండి, అప్పటికి చేతిలో పని ఉంటుంది.

జావా గురించి కంగారు పడకండి, వీడికి కావాల్సింది సీ. ఆ స్పీడ్యూనో బోర్డు ఆర్డునో మెగా మీద నడుస్తుంది, కోడ్ అంతా ఓపెన్‌గానే ఉంది, సెన్సర్ చదివే భాగం తెరిచి లైను లైనూ అర్థం చేసుకోమనండి. తర్వాత గేజ్ నుంచి సిగ్నల్‌ని వోల్టులుగా కాకుండా క్యాన్‌లో తీసుకోవడం, అప్పుడు నంబరు నంబరుగానే వస్తుంది కాబట్టి ఎర్త్ వల్ల వచ్చే ఈ తేడా ఉండదు, కాకపోతే మెగాలో క్యాన్ లేదు, విడిగా మాడ్యూల్ పెట్టుకోవాలి. క్యాన్ లైనుకి రెండు చివర్లా 120 ఓమ్‌ల రెసిస్టర్లు ఎందుకు, బ్యాటరీ తీసేసి కొలిస్తే 60 ఎందుకు వస్తుంది అని ఇంటర్వ్యూలో అడుగుతారు, బండి మీద కొలిచినవాడు తడుముకోడు. ఇంకోటి, ఇప్పుడు బంకుల్లో పోసేది ఈ20, అంటే 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోల్, దానికి సరైన పాళ్ళు 14.7 కాదు, 13.5 దగ్గర, అయినా గేజ్ 14.7 అనే చూపిస్తుంది, ఎందుకంటే అది లోపల కొలిచేది లాంబ్డా, అంటే ఆ పెట్రోల్‌కి సరిగ్గా కావాల్సిన గాలితో పోలిస్తే ఎంత గాలి ఉందన్న లెక్క, సరిగ్గా సరిపోతే 1, దాన్ని 14.7తో గుణించి మనకి చూపిస్తుందంతే. వీడు కాలేజీలో ఏఎఫ్ఆర్ (ఆ 14.7 లాంటి గాలి, పెట్రోల్ పాళ్ళ నంబరు) అన్నా ఇంటర్వ్యూలో లాంబ్డాలోనే మాట్లాడాలి.

ఆ ఎర్త్ తేడా పట్టుకున్నాక రెండు పేజీల రిపోర్ట్ రాయించండి, ముందు లాగ్ (సాఫ్ట్‌వేర్ రికార్డు చేసిన రీడింగులు), మల్టీమీటర్ రీడింగ్, వైరు మార్చాక లాగ్, అంతే. ఇంటర్వ్యూలో స్మార్ట్ డస్ట్‌బిన్ ప్రాజెక్టులు చూసి చూసి విసిగిపోయిన వాళ్ళకి ఇది కనబడితే మిగతా గంటా దీని మీదే అడుగుతారు. కాలేజీలో ఫార్ములా భారత్ (స్టూడెంట్లు సొంతంగా రేస్ కారు కట్టి పోటీ పడేది) టీమ్ ఉంటే చేరమనండి, పోటీ కోయంబత్తూరు కరి ట్రాక్‌లో జరుగుతుంది, చాలా టీములు కేటీఎం 390 ఇంజన్ వాడతాయి, ఇదే వైరింగ్ ఇదే లాగింగ్ అక్కడ పనికొస్తుంది, అదీ పబ్లిక్ రోడ్డు కాని చోట.

రోడ్డు అన్నాను కాబట్టి, ఈసీయూ మార్చిన బండిని రోడ్డు మీద తిప్పడం చట్టంతో పెట్టుకోవడమే, మోటర్ వెహికల్ యాక్ట్ సెక్షన్ 52 బండిలో మార్పుల గురించే ఉంది, యాక్సిడెంట్ అయితే ఇన్సూరెన్స్ వాళ్ళు మొదట అడిగేది ఇదే. ఒళ్ళో ల్యాప్‌టాప్ పెట్టుకుని ఓఆర్ఆర్ మీద ట్యూనింగ్ చేస్తుంటే మాత్రం మీరు తిట్టాల్సిందే, నేను మీ వైపే.

బ్యాక్‌లాగ్‌లు ఏ సబ్జెక్టులో మీరు రాయలేదు. చాలా కంపెనీలు క్యాంపస్‌కి వచ్చినప్పుడు బ్యాక్‌లాగ్ ఉన్నవాళ్ళని పరీక్షకే కూర్చోనివ్వవు, కాబట్టి బేరం ఇలా పెట్టండి: సప్లీలు రాసేదాకా కారుకి ఒక్క రూపాయి ఇవ్వనని చెప్పండి. మల్టీమీటర్ వాడి దగ్గర ఎలాగూ ఉంటుంది, ఎర్త్ వైరుకి వంద రూపాయలు చాలు. కారు అమ్మించకండి, ఇప్పుడు అమ్మితే ఆ ఎస్టీమ్‌కి మీకొచ్చేది తుక్కు రేటే. కావాలంటే ఆ మల్టీమీటర్ రీడింగ్ ఎంత వచ్చిందో వాణ్ణే నాకు రాయమనండి.