వంతెనల డిజైన్‌కు సాఫ్ట్‌వేర్ వస్తే చాలా?

ప్రశ్న: సివిల్ ఇంజినీరింగ్ చివరి సంవత్సరంలో ఉన్నాను. కాంక్రీట్ వంతెనల డిజైన్‌లో స్థిరపడాలని ఉంది. అనాలిసిస్ సాఫ్ట్‌వేర్ కోర్సు చేశాను. అది సరిపోతుందా? పీజీ తప్పదా?

జవాబు: సాఫ్ట్‌వేర్ వస్తే ఉద్యోగం దొరకొచ్చు, కానీ పనిలో నిలబడటానికి అది చాలదు. సపోర్టు, అంటే వంతెన ఆనే చోటు, తప్పుగా ఇచ్చినా సాఫ్ట్‌వేర్ రంగురంగుల బొమ్మ చూపిస్తూనే ఉంటుంది. తప్పు పట్టుకోవాల్సింది మీరే. రెండు చివర్ల మీదే ఆనే 30 మీటర్ల సాదా గర్డర్ (దూలం) మీద మీటరుకు 20 కిలోన్యూటన్ల బరువుంటే మధ్యలో మూమెంట్, అంటే దాన్ని వంచే ప్రభావం, ఎంత? 2,250 కిలోన్యూటన్ మీటర్లు. ఇంత లెక్క కాగితం మీదే తేలాలి. కోర్సుల సర్టిఫికెట్లు నాలుగైదు ఉండి ఇక్కడ తడబడేవాళ్లను చాలామందిని చూశాను.

రెండో సంగతి, కాంక్రీట్ కట్టిన రోజు ఉన్నట్టే ఉండిపోదు. బరువు కింద ఏళ్ల తరబడి మెల్లగా కుదించుకుపోతూ, వంగుతూ ఉంటుంది. దాన్నే క్రీప్ అంటారు. పసిఫిక్ మహాసముద్రంలోని పలావు దేశంలో 1977లో 241 మీటర్ల స్పాన్‌తో (స్తంభాల మధ్య దూరం) కట్టిన కోరోర్ వంతెన మధ్యభాగం కాలక్రమంలో మీటరుకు పైగా కిందికి జారింది. మరమ్మతు చేసిన కొద్ది నెలలకే, 1996లో అది కూలిపోయింది. క్రీప్, ష్రింకేజ్ (ఆరేకొద్దీ కాంక్రీట్ కుంచించుకుపోవడం), ప్రీస్ట్రెస్ నష్టాలు (కాంక్రీట్‌ను ముందే నొక్కిపెట్టే కేబుళ్ల బిగువు తగ్గడం) ఇప్పుడు మీకు పరీక్షలో ఐదు మార్కుల ప్రశ్నలు. ఉద్యోగంలో రోజూ వాటితోనే పని.

అలాగని మొదటి రోజే పెద్ద వంతెన మీ చేతికి ఇవ్వరు. రెండు మూడేళ్లు బేరింగులు (గర్డర్ కింద ఉండే దిమ్మెలు), ఎక్స్‌పాన్షన్ జాయింట్లు (వేడికి వ్యాకోచించడానికి వదిలే సందులు), కమ్మీల డ్రాయింగులు చూస్తూ గడుస్తాయి. విసుగు వస్తుంది, నిజమే. వీలైతే ఆ రోజుల్లోనే కొన్ని నెలలు సైట్‌లో ఉండండి. ప్రీస్ట్రెస్ కేబుల్ చివర బిగించే యాంకర్ దగ్గర మీరు గీసిన కమ్మీల మధ్య, కాంక్రీట్‌ను కుదిపి సర్దే వైబ్రేటర్ సూది దూరకపోతే, కాంక్రీట్‌లో గుల్లలు మిగిలిపోతాయి. దీన్ని ఒక్కసారి కళ్లారా చూసినవాళ్లు డ్రాయింగ్ గీసే తీరే మారిపోతుంది.

పీజీ విషయానికొస్తే, నా సలహా చేయమనే. ప్రీస్ట్రెస్డ్ కాంక్రీట్, స్ట్రక్చరల్ డైనమిక్స్ (కట్టడాల కదలికలు, కంపనాల లెక్క) లాంటివి డిగ్రీలో పైపైనే చెబుతారు. డబ్బు ఇబ్బంది ఉంటే రెండేళ్లు పనిచేసి తర్వాత చదవండి, నష్టమేమీ లేదు. చాలా దేశాల్లో డిజైన్ మీద సొంతంగా సంతకం పెట్టాలంటే అనుభవం, లైసెన్సు కావాలి. కాబట్టి చేసిన పనుల రికార్డు మొదటి నుంచే రాసి పెట్టుకోండి.

చివరి ఏడాది ప్రాజెక్టు ఇంకా ఖరారు కాకపోతే, ఒక ప్రీస్ట్రెస్డ్ గర్డర్ తీసుకుని ముందు చేత్తో లెక్కకట్టి, తర్వాతే సాఫ్ట్‌వేర్‌లో మోడల్ చేయండి. రెండింటి మధ్య తేడా వస్తే ఎందుకు వచ్చిందో రిపోర్టులో రాయండి. ఇంటర్వ్యూలో చెప్పుకోవడానికి ఆ ఒక్క పేజీ బాగా పనికొస్తుంది.